బృహన్నల పాతబట్టల బేరం

పాండవులు విరాటరాజు కొలువులో తలదాచుకున్న ఏడాదిలో ఎవరెవరు ఏ పని చేశారో మనకందరికీ కంఠతా వచ్చు. భీముడు వంటలు, నకులుడు గుర్రాలు, సహదేవుడు ఆవులు, ద్రౌపది సైరంధ్రి. అర్జునుడు బృహన్నలై ఉత్తరకి ఆటపాటలు నేర్పాడు. 1963లో ‘నర్తనశాల’ వచ్చాక బృహన్నల అనగానే రామారావుగారే కళ్ళముందు మెదులుతారు. అయితే సంస్కృత భారతంలో విరాటపర్వం తిరగేస్తుంటే ఒక చిన్న సంగతి నా కంటబడింది. అంతఃపురంలో తనకు దొరికిన పాతబట్టల్ని అర్జునుడు అమ్మేవాడట. ఆ అమ్మకం వంకతో తక్కిన అన్నదమ్ములకి సాయపడేవాడట. ఉన్నది ఒక్క శ్లోకమే. కానీ పాతచీరలకి స్టీలు గిన్నెలిచ్చే మనిషితో గుమ్మంలో గంటసేపు బేరమాడిన మనబోటివాళ్ళకి ఆ శ్లోకం దగ్గర కాస్త ఆగాలనిపించదూ!

అంటే బృహన్నలకి కొలువులో ఒక ఉద్యోగం, పక్కన ఒక చిల్లర వ్యాపారం ఉన్నాయన్నమాట. ఉద్యోగం కూడా ఊరికే రాలేదు. విరాటుడు ఆడవాళ్ళచేత పరీక్ష చేయించి, సందేహం తీరాకనే కన్యాంతఃపురంలోకి పంపాడు. ఈ పరీక్ష సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

అర్జునుడిది ఒక్క ఏడాది ముచ్చట. జమ్మిచెట్టు మీద గాండీవం భద్రంగా ఉంది. చెట్టుమీద ఏమీ దాచుకోనివాళ్ళు, జన్మంతా అలాగే బతకవలసినవాళ్ళు ఈ దేశంలో ఎలా సంపాదించుకున్నారు, ఏం అమ్మారు, ఏం కొన్నారు అనే కుతూహలంతో కొన్ని పుస్తకాలు చదివాను. చదివాక నాకు తోచిందేమిటంటే, ఇవాళ మనం “పాపం, హిజ్రాలకి కూడా ఏదో ఒక వ్యాపారం పెట్టించాలి” అని జాలిపడుతున్నాం గానీ, వాళ్ళకి ఒక వ్యాపారం ఇదివరకే ఉండేది. దాన్ని చట్టం పెట్టి మరీ మూయించారు.

వ్యాపారమని ఎందుకంటున్నానో చెబుతాను. మనకి రైలుపెట్టెలో చప్పట్లు చరుస్తూ వచ్చే హిజ్రాలే తెలుసు. ఆ చప్పట్ల వెనక ఒక ఇల్లుంటుంది. ఆ ఇంటికి గురువు యజమాని, చేలాలంటే శిష్యులు. గురువుకి గురువుని నానీ అంటారు, అమ్మమ్మ వరస. ఇంటినుంచి వెళ్ళగొట్టబడ్డ పిల్ల గురువు చెంత చేరితే, గురువు తిండి పెట్టి, బట్టలిచ్చి, పాట, ఆట, మాటకారితనం నేర్పుతుంది. ఆమె సంపాదనలో గురువుకి వాటా. ఏ వీధులు ఏ ఇంటివో హద్దులుంటాయి. ఆ వీధుల్లో ఎవరింట బిడ్డ పుట్టినా, పెళ్ళయినా వెళ్ళి దీవించి కానుక పుచ్చుకునే హక్కు ఆ ఇంటిదే. దీన్ని హిందీలో బధాయి అంటారు. ఒకరి వీధిలో మరొకరు కాలు పెడితే పంచాయితీ కూర్చుంటుంది, జరిమానా పడుతుంది. పనినేర్పు, పెట్టుబడి, హద్దు, వాటా, పంచాయితీ... మన కంసాలివీధిలోనో పద్మశాలీల సంఘంలోనో ఉండే ఏర్పాటుకి ఇది ఎంత దూరం చెప్పండి!

గాయత్రీ రెడ్డిగారు జంటనగరాల హిజ్రాల మధ్య తిరిగి ఇంగ్లీషులో రాసిన పుస్తకం 2005లో వచ్చింది. హైదరాబాదులో వీళ్ళవి రెండు పెద్ద ఇళ్ళని ఆవిడ రాశారు. ఒకటి లష్కర్‌వాలా, అంటే సికింద్రాబాదు వైపు. రెండోది షహర్‌వాలా, పాతనగరం వైపు. లష్కర్ బోనాలకి వెళ్ళే మనలో ఎంతమందికి ఆ పేరుతో ఇలాంటి ఇల్లొకటుందని తెలుసు?

మా అమ్మమ్మ బారసాలల రోజున చేటలో బియ్యం, పసుపు, బెల్లం, రవికెగుడ్డ సర్ది విడిగా పెట్టించేది. “వాళ్ళొస్తారర్రా, వాళ్ళ సొమ్ము వాళ్ళకి తీసి పెట్టండి” అనేది. దానం అనేది కాదు, “వాళ్ళ సొమ్ము” అనేది. చాకలికీ మంగలికీ ఏటా గింజలు కొలిచినట్టే ఇదీనూ. ఆ రోజుల్లో మాకు అర్థంకాని ఆ మాటలో పెద్ద చరిత్రే ఉందని తర్వాత తెలిసింది.

మరాఠాల ఏలుబడిలో దక్కను ప్రాంతపు హిజ్రాలకి ప్రభుత్వమే హక్కుపత్రాలిచ్చింది. ఊళ్ళల్లో తిరిగి కానుకలు పుచ్చుకునే వంశపారంపర్యపు హక్కు, కొందరికి రొక్కంగా భత్యం, కొందరికి భూమి. వంశమంటే ఇక్కడ రక్తం కాదు, గురువునుంచి శిష్యురాలికి. లారెన్స్ ప్రెస్టన్ అనే చరిత్రకారుడు బొంబాయి దస్త్రాలు తవ్వి 1987లో దీనిమీద ఒక వ్యాసం రాశాడు. పీష్వాల రాజ్యం 1818లో కుంపిణీ చేతికొచ్చాక ఈ హక్కుపత్రాలు తెల్లదొరల బల్లమీదకి చేరాయి. దొరలకి ఎటూ పాలుపోలేదు. ఈనాములన్నీ గౌరవిస్తామని మాటిచ్చారు. కానీ ఈ ఈనాందార్లని చూస్తే వాళ్ళకి కంపరం. చివరికి, అడుక్కునే హక్కుని సర్కారు నిలబెట్టదని 19వ శతాబ్దం నడుమ తేల్చేశారు. అమ్మమ్మ “సొమ్ము” అన్నది వాళ్ళ లెక్కలో “ముష్టి” అయిపోయింది. ఒక్క మాట మారితే చాలు, ఆస్తి కాస్తా నేరమయ్యే దారి పడుతుంది.

ఇక్కడ ఒక మాట. హిజ్రాలనగానే కొందరు మాలిక్ కాఫర్‌ని తెచ్చి ముందు పెడతారు. 1309-10లో ఓరుగల్లు కోటని ముట్టడించి ప్రతాపరుద్రుడిచేత కప్పం కట్టించుకున్న సేనాని. అలాగే అవధ్ నవాబుల కాలంలో అల్మాస్ అలీఖాన్ అనే ఆయన పరగణాలకి పరగణాలు శిస్తు ఇజారాకి పుచ్చుకుని మహరాజులా బతికాడు. నిజమే గానీ వీళ్ళు ఖ్వాజాసరాలు. చిన్ననాడే బానిసలుగా కొని, శస్త్రం చేసి, అంతఃపురాల కాపలాకీ కొలువుకీ పెంచినవాళ్ళు. తమని తాము ఆడవాళ్ళమని అనుకుని ఆ బతుకు ఎంచుకున్నవాళ్ళు కారు. ఇద్దరినీ ఒకే గాటకట్టి “మన పూర్వులు ఎంత ఉదారులో” అని మురిసిపోవడం నాకు నచ్చదు.

అసలు కథ 1852లో మొదలవుతుంది. ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని మైన్‌పురి అనే ఊళ్ళో భూరా అనే హిజ్రా హత్య జరిగింది. పాడుతూ, ఆడుతూ, శిష్యురాళ్ళతో కాపురం పెట్టుకుని బతుకుతున్న మనిషి. ఒకప్పటి ప్రియుడే చంపాడని కోర్టు తేల్చింది. అంతటితో చంపినవాడిమీద తీర్పు చెప్పి ఊరుకుంటే సరిపోయేది. దొరల కోపం చచ్చిపోయినామె మీదకీ, ఆమె కులస్థులందరి మీదకీ మళ్ళింది. మన ఏలుబడిలో ఇలాంటివాళ్ళు ఇందరు బాహాటంగా తిరుగుతున్నారా అని గుండెలు బాదుకున్నారు. జెస్సికా హించీ 2019లో ప్రచురించిన పుస్తకం నిండా ఈ కథే. హతురాలే ముద్దాయి కావడం మన ఆడవాళ్ళకి తెలియని సంగతేం కాదుగా!

ఆ బాదుడు ముదిరి ముదిరి 1871 నాటి నేరస్థ జాతుల చట్టమయింది. యానాదులనీ, ఎరుకలనీ పుట్టుకతోనే దొంగలని ముద్రవేసిన చట్టమంటే మనవైపు పెద్దవాళ్ళకి ఇప్పటికీ గుర్తే. దాని రెండో భాగం “నపుంసకుల” గురించి. ఈ భాగాన్ని ముఖ్యంగా వాయవ్య పరగణాలు, అవధ్, పంజాబుల కోసం రాశారు. పిల్లల్ని ఎత్తుకుపోతారనో, పాడుపనులు చేస్తారనో అనుమానం ఉన్నవాళ్ళందరి పేర్లూ, నివాసాలూ, ఆస్తులూ రిజిస్టరుకి ఎక్కించాలి. అనుమానం చాలు, రుజువు అక్కర్లేదు. ఎవరు నపుంసకులో తేల్చడమెలా? తామే ఒప్పుకోవాలి, లేదా వైద్యపరీక్షలో తేలాలి. చూశారా, విరాటుడి పరీక్ష మళ్ళీ వచ్చింది! తేడా ఒక్కటే. ఆయన పరీక్ష చేసి పని ఇచ్చాడు, వీళ్ళు పరీక్ష చేసి పని లాక్కున్నారు.

లాక్కోవడమని ఊరికే అనడం లేదు. రిజిస్టరుకెక్కిన మనిషి ఆడబట్టలు కట్టుకుని, నగ పెట్టుకుని వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. డబ్బు పుచ్చుకుని ఆడినా, పాడినా, వాయించినా అంతే. రెండేళ్ళ దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అంటే దుకాణం మూత పడింది. పదహారేళ్ళలోపు మగపిల్లవాడు ఇంట్లో ఉంటే అదీ నేరమే. అంటే పని నేర్చుకునేవాళ్ళు రారు. ఇక మూడోది చూడండి. మైనరుకి సంరక్షకులుగా ఉండరాదు, దత్తత తీసుకోరాదు, ఎవరికీ దానం రాసివ్వరాదు, వీలునామా రాయరాదు.

నేను ఈ మూడో దాని దగ్గర ఆగిపోయాను. జైలు శిక్షలు చదివితే ఒళ్ళు మండింది గానీ, ఈ వీలునామా సంగతి చదివితే కడుపులో దేవినట్టయింది. ఎందుకంటే ఎంత చిన్న వ్యాపారమైనా ఒక తరం కూడబెట్టింది రెండో తరానికి అందితేనే నిలుస్తుంది. మా వీధి చివర కిరాణాకొట్టు తాత పెట్టాడు, మనవడు నడుపుతున్నాడు. మనవడు తెలివైనవాడనే అనుకుందాం, కానీ తాత ఇచ్చిన గది లేకపోతే ఆ తెలివి ఎక్కడ కూర్చుని తూకం వేస్తుంది? రక్తసంబంధం లేని ఆ ఇళ్ళల్లో గురువు చనిపోతే శిష్యురాలికి ఇల్లూ, నగా నట్రా, డోలకు చేరే దారి వీలునామా ఒక్కటే, లేకపోతే దత్తత. ఆ రెండింటినీ కలిపి కొట్టేశారు. ఎవరో చాలా తెలివైన గుమాస్తా కూర్చుని, ఒక వృత్తిని వేళ్ళతో సహా పెరకాలంటే ఎక్కడెక్కడ పట్టుకోవాలో లెక్కవేసి రాసినట్టుంటుంది ఆ చట్టం.

అంతా వాళ్ళనుకున్నట్టు జరగలేదనుకోండి. పోలీసులకి పట్టుకునే ఓపిక లేని ఊళ్ళుండేవి, పట్టుకున్నా మళ్ళీ గాజులు తొడుక్కుని పక్క జిల్లాకి పోయినవాళ్ళుండేవారు. బారసాలకి పిలిచే ఇల్లాళ్ళూ మానలేదు. 1911లో నేరస్థ జాతుల చట్టాన్ని తిరిగి రాసినప్పుడు ఈ భాగాన్ని వదిలేశారు.

హమ్మయ్య అనుకుంటాం గదా! బ్రిటిషువాళ్ళు వదిలేసిన బట్టని తర్వాత మన నిజాం సర్కారు కట్టుకుంది. 1329 ఫసలీ, అంటే 1919లో, హైదరాబాదు సంస్థానంలో నపుంసకుల చట్టం వచ్చింది. అదే రిజిస్టరు, అదే వారంటు లేని అరెస్టు, ఆడబట్టలకీ ఆటపాటలకీ అదే రెండేళ్ళ శిక్ష. నిజాం పోయాడు, హైదరాబాదు రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ విడిపోయింది. చట్టం మాత్రం పేరుకి ముందు “తెలంగాణ ప్రాంత” అని తగిలించుకుని పుస్తకంలో అలాగే కూర్చుంది. 2018లో కొందరు ట్రాన్స్‌జెండర్ ఉద్యమకారులు హైకోర్టుకి వెళ్ళారు. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. మనం టీవీలో చంద్రయానం చూసి చప్పట్లు కొట్టిన ఏడాదే సుమండీ! అప్పటిదాకా చార్మినార్ దగ్గర గాజుల కొట్టు పెట్టుకుందామనుకున్న హిజ్రా, కాగితం మీద చూస్తే, ఆ గాజులు తాను తొడుక్కుని వీధిలో నిలబడ్డానికి భయపడవలసిన మనిషే.

ఈలోగా ఢిల్లీలో వేరే గాలి వీచింది. 2011 జనాభా లెక్కల్లో ఆడ, మగ కాక “ఇతరులు” అనే గడిలో 4,87,803 మంది తేలారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769. చెప్పుకోనివాళ్ళెందరో! 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు వీళ్ళని మూడో వర్గంగా గుర్తించింది. 2015 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు, ఖాతా కాగితాల్లో మూడో వర్గానికీ చోటు పెట్టమని బ్యాంకులన్నిటికీ చెప్పింది. 2019లో పార్లమెంటు చేసిన చట్టం, వృత్తిశిక్షణకీ సొంత ఉపాధికీ పథకాలు పెట్టడం ప్రభుత్వాల పని అంది.

ఆ బ్యాంకు కాగితం సంగతి చిన్నదిగా తీసిపారెయ్యకండి. 1982లో డ్వాక్రా మొదలైనప్పుడు, తర్వాత నెల్లూరు అక్కచెల్లెళ్ళు సారామీద తిరగబడి పొదుపు మొదలుపెట్టినప్పుడు, మన పల్లె ఆడవాళ్ళకి తాకట్టు పెట్టడానికి ఏముంది? పది, పదిహేనుమంది కలిసి కూర్చున్నారు, ఒకరికొకరు పూచీ అన్నారు, బ్యాంకు అప్పిచ్చింది. అప్పడాలు, పచ్చళ్ళు, పాలగేదెలు, కుట్టుమిషన్లు ఎన్ని ఇళ్ళని నిలబెట్టాయో మీకు నేను చెప్పాలా! ఆ గుంపులో చేరాలంటే ఊళ్ళో ఒక ఇల్లుండాలి, కాగితంలో ఒక పేరుండాలి. చుట్టూ పొరుగువాళ్ళుండాలి. ఇంటివాళ్ళు పెట్టిన పేరు ఒకటి, తాను పెట్టుకున్న పేరు ఒకటి, స్కూలు సర్టిఫికెట్లో మగ, ఫోటోలో చీర. ఆ మనిషి అప్పుకాగితం పట్టుకుని వెళితే బల్ల అవతలి ఉద్యోగి ముందు ముఖంకేసి చూస్తాడు, తర్వాత కాగితం కేసి చూస్తాడు, ఆ తర్వాత “రేపు రా” అంటాడు.

ఇల్లు దొరకడం మరీ కష్టం. 2017లో కొచ్చి మెట్రోరైలు మొదలైనప్పుడు ఇరవైముగ్గురు ట్రాన్స్‌జెండర్లకి ఉద్యోగాలిచ్చి దేశమంతా మెప్పు పొందింది. కొద్దిరోజులకే ఎనిమిదిమంది మానేశారు. నెలజీతమున్న మనుషులే, ఊళ్ళో అద్దె ఇల్లు ఇచ్చేవాళ్ళు లేక! ఉద్యోగికే ఇల్లు దొరకని చోట దుకాణానికి గది ఎవరిస్తారు? ఇళ్ళు అద్దెకిచ్చే పెత్తనం చాలాచోట్ల మన చేతుల్లోనే ఉంటుంది. “పిల్లలున్న ఇల్లమ్మా” అని మెత్తగా తలుపు వేసేది మనమే.

అదే కొచ్చిలో 2020 అక్టోబరులో రోడ్డు పక్కన బిర్యానీ పొట్లాలు అమ్ముకునే ట్రాన్స్‌జెండర్ స్త్రీ ఒకామె, అమ్ముడుపోని పొట్లాలు చూపిస్తూ ఏడ్చిన వీడియో ఊరూరా తిరిగింది. చుట్టుపక్కల వ్యాపారం చేసేవాళ్ళు తనని నిలవనివ్వడం లేదని, పోలీసుల దగ్గరా సాయం దొరకలేదని ఆమె గోడు. ఆ తర్వాత మంత్రి మాట్లాడారు, సినిమావాళ్ళు ముందుకొచ్చారు. మంచిదే. కానీ వంటచేసే మనిషిగా నా మనసు ఆ పొట్లాల దగ్గరే ఆగింది. పొద్దున్నే లేచి ఉల్లిపాయలు తరిగి, బియ్యం కడిగి, మాంసం ఉడికించి, దమ్ముపెట్టి, కట్టుకుని తెచ్చిన వంట. సాయంత్రానికి పాడైపోతుంది. బట్టల కొట్టైతే రేపు అమ్ముకోవచ్చు. అంత తక్కువ పెట్టుబడిలో అంత నష్టమొచ్చే వ్యాపారం తిండిదే, పెట్టుబడి లేనివాళ్ళందరూ దిగేదీ దానిలోనే.

సాయమన్నది సరిగ్గా అందితే ఎలా ఉంటుందో తమిళనాడులో కొంత కనిపిస్తుంది. 2008లో దేశంలోకెల్లా ముందుగా వీళ్ళకోసం ఒక సంక్షేమ బోర్డు పెట్టింది ఆ రాష్ట్రమే. సొంత వ్యాపారానికి ఏభైవేల రూపాయల సాయం ఇచ్చే పథకమూ పెట్టింది. “తిరునంగై” అని గౌరవంగా ఒక పేరు కూడా వాడుకలోకి తెచ్చారు. మన భాషలో వీళ్ళకున్న పాత మాటలన్నీ తిట్లే. ఒక్క బృహన్నల తప్ప.

తూత్తుకుడి జిల్లాలో కోవిల్పట్టి దగ్గర మందితోప్పు అనే పల్లె ఉంది. ఇంజనీరింగు చదివిన గ్రేస్ బాను అనే ట్రాన్స్‌జెండర్ ఉద్యమకారిణి వెంటపడి తిరగగా, సందీప్ నండూరి అనే కలెక్టరు చెవినపెట్టగా, అక్కడ వీళ్ళకి ఇళ్ళొచ్చాయి. ఆ కాలనీకి కలెక్టరు పేరే పెట్టుకున్నారు. 2020లో ముప్పైమంది కలిసి పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం పెట్టుకున్నారు. దేశంలో ఇలాంటిది ఇదే మొదటిదని పత్రికలు రాశాయి. ముందు ఇల్లు, తర్వాత ఆవు. ఈ వరస నాకు భలే నచ్చింది. కట్టెయ్యడానికి చోటులేనివాళ్ళకి ఆవునిచ్చి ఫోటో తీయించుకునే పద్ధతి మనం చాలా చూశాం.

పాడి గురించి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, అది తేలిక పని కాదు. తెల్లవారకముందే లేవాలి, పేడ తియ్యాలి, తవుడూ చిట్టూ కలిపి కుడితి పెట్టాలి. ఈనిన కొత్తలో పాలు బాగానే ఉంటాయి. ఆవు వట్టిపోయిన నెలల్లో పాలుండవు, మేత మాత్రం ఉండాలి. అప్పు వాయిదా మాత్రం ఆవు వట్టిపోయిందని ఆగదు. అందుకే ఒంటరిగా ఒక ఆవు పెట్టుకున్నవాళ్ళు మునుగుతారు, ముప్పైమంది సంఘమైతే ఒకరి ఆవు వట్టిపోయిన నెలలో ఇంకొకరి ఆవు పాలిస్తుంది. డోలకు పట్టుకుని నలుగురూ వెళ్ళి తెచ్చింది పంచుకునే గురువుగారి ఇంటి లెక్కే ఇదీనూ, కాకపోతే రిజిస్టరైన సంఘం. 1871లో వీళ్ళ పేర్లు ఎక్కించిన రిజిస్టరు పోలీసుల దగ్గరుండేది. మందితోప్పు రిజిస్టరు పాలకేంద్రంలో ఉంది. పేరు, పక్కన లీటర్లు, దాని పక్కన వెన్నశాతం, ఆ పక్కన రావలసిన డబ్బు.